మూడు పెట్టెలూ ఒకే మాట చెప్పినప్పుడు

మా బాస్‌ది ఇంగ్లండ్. మిషిగన్ వచ్చి ఏళ్ళు గడిచినా, ఆఫీసులో అందరూ కాయితం కప్పుల్లో కాఫీ తాగుతుంటే ఆయన మాత్రం పింగాణీ కప్పూ సాసరూ పెట్టుకుని టీ తాగేవారు. ఆయన బల్ల వెనక గోడకి ఒకటే ఫొటో ఉండేది. తోక దగ్గర మూడు ఇంజన్లున్న జెట్ విమానం, తడి రన్‌వే మీద. నేను ఉద్యోగంలో చేరిన రోజున పని గురించి ఒక్క ముక్క చెప్పకుండా ముందు ఆ ఫొటో దగ్గరికి తీసుకెళ్ళారు.

"దీని ముందు చక్రం చూడు," అన్నారు.

చూశాను. చక్రం ముక్కు కింద నడిమధ్యన లేదు. కాస్త పక్కకి జరిగి ఉంది.

"తప్పుగా బిగించారా?" అని అడిగేశాను.

ఆయన పెద్దగా నవ్వారు. "అందరూ అదే అడుగుతారు. కావాలనే అలా పెట్టారు. దీని పేరు ట్రైడెంట్. నీకంటే చిన్న వయసులో నేను పని చేసింది దీని మీదే. పైలట్ చెయ్యి పడకుండా, ప్రయాణికుల్ని ఎక్కించుకుని నేలకి దిగిన మొదటి విమానం ఇది. ఇప్పుడు మనం ఇక్కడ చేస్తున్నదంతా దీని తర్వాతి కథే."

అది డెబ్భైల చివర. మా కంపెనీ కొత్తగా వస్తున్న ప్రయాణికుల విమానం కోసం, దానంతట అది దిగేలా నడిపించే కంప్యూటర్లు తయారుచేస్తోంది. ఆ గదిలో ఆడమనిషిని నేనొక్కదాన్నే, ఇండియా మనిషినీ నేనొక్కదాన్నే.

ఆ ఉద్యోగం అంత తేలిగ్గా రాలేదు. కాకినాడలో ఇంజనీరింగ్ చదివి, పెళ్ళయి ఇక్కడికొచ్చి కంట్రోల్ సిస్టమ్స్‌లో మాస్టర్స్ చేశాను. మా ఆయన కార్ల కంపెనీలో బ్రేకులు డిజైన్ చేసేవారు. డెట్రాయిట్ పక్కన నోవై అనే ఊళ్ళో ఇల్లు. అప్పటి నోవై అంటే సగం పొలాలే. నేను విమానాల కంపెనీలకి అప్లై చేసేదాన్ని. ఇంటర్వ్యూకి వెళ్ళిన ప్రతిచోటా మొదటి ప్రశ్న సిటిజన్‌షిప్ గురించే. మిలిటరీ కాంట్రాక్టులుంటాయి, గ్రీన్ కార్డ్ చాలదు, సారీ. ఒక పెద్దమనిషి అయితే నా చదువంతా విని, "బ్యాంకుల్లో ప్రోగ్రామర్లు కావాలట, ప్రయత్నించరాదూ?" అన్నాడు.

"కార్లలోకి కూడా ఎలక్ట్రానిక్స్ వస్తున్నాయిగా, మా ఆఫీసులో కనుక్కోనా?" అన్నారు మా ఆయన.

"వద్దండీ. నాకు విమానాలే కావాలి."

ఎందుకని అడిగితే ఆయనకి సరిగ్గా చెప్పలేకపోయాను. ఒక బరువైన యంత్రం గాల్లోంచి వచ్చి, కళ్ళు లేకుండా నేలని మెత్తగా తాకడం కంటే కష్టమైన లెక్క నా చదువులో ఇంకోటి కనపడలేదు. దాని మీదే పని చెయ్యాలని మంకుపట్టు పట్టాను. మళ్ళీ మళ్ళీ అప్లై చేశాను. చివరికి ప్రయాణికుల విమానాల పని మాత్రమే చేసే ఈ కంపెనీ దొరికింది. ఇంటి నుంచి గంట డ్రైవ్. మంచు పడితే ఎంతసేపో చెప్పలేం.

పనిలో పడ్డాక బాస్ నాకు మొదట నేర్పింది మూడు పెట్టెల సంగతి. రన్‌వే చివర నుంచి వచ్చే రేడియో కిరణాన్ని పట్టుకుని విమానం కిందికి జారుతుంది. ఆఖరి కొద్ది అడుగుల్లో మాత్రం ఆ కిరణాన్ని వదిలేసి, నేల ఎంత దూరంలో ఉందో చూసుకుంటూ మెల్లగా ముక్కు ఎత్తాలి. అలా ఎత్తకపోతే విమానం నేలకి కొట్టుకుంటుంది. ఆ ఎత్తు చెప్పేది విమానం పొట్ట కిందుండే, పెట్టెలాంటి రేడియో పరికరం. కిందికి అలలు పంపి, అవి తిరిగొచ్చే సమయాన్ని బట్టి నేల ఎంత దూరమో చెప్తుంది. ఒకటే ఉంటే, అది చెడిపోతే మనుషులు పోతారు. అందుకని మూడు. మూడు పరికరాలు, మూడు కంప్యూటర్లు. ఒకటి వేరే మాట చెప్తే మిగతా రెండూ కలిసి దాన్ని పక్కన పెట్టేస్తాయి.

"మూడింటిలో రెండు," అనేవారు బాస్, రెండు వేళ్ళు చూపించి. "ట్రైడెంట్ మనకి నేర్పింది అదే. అన్నీ మరిచిపో, ఇది మరిచిపోకు."

ఆ విమానం కథలు ఆయన ఎన్ని చెప్పినా నాకు విసుగు పుట్టేది కాదు. లండన్‌లో ఒకసారి చెయ్యి చాచితే చెయ్యి కనపడనంత పొగమంచులో దిగిందట. దిగడం మెత్తగానే దిగింది. తర్వాత ఎటు వెళ్ళాలో పైలట్లకి తెలీలేదు. దారి చూపించడానికి వచ్చిన జీపు వీళ్ళని వెతుక్కుంటూ తనే దారి తప్పిందట. "నేలని వెతకడం మేం నేర్పాం. తలుపు వెతకడం ఎవరూ నేర్పలేదు," అని చెప్పి ఆయన మళ్ళీ మళ్ళీ నవ్వుకునేవారు.

ఎనభైల మొదట్లో మా కంప్యూటర్లు విమానంలోకెక్కాయి. సమతలంగా ఉన్న ఊళ్ళలో పరీక్షలు బాగా జరిగాయి. తర్వాత అపలాచియన్ కొండల్లో ఒక ఊరికి వెళ్ళారు. ఆ విమానాన్ని కొనబోయే ఎయిర్‌లైన్ రోజూ నడిపే ఊరు అది. అక్కడ పొద్దుటిపూట పొగమంచు మామూలే. కొండ తల నరికి, చదును చేసి, దాని మీద రన్‌వే వేశారు. రన్‌వేకి ముందు నేల లేదు, లోయే ఉంది.

పరీక్ష రోజున ఎండ కాస్తోంది. పైలట్ చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. విమానం లోయ మీదుగా వచ్చి, కొండ అంచు దాటగానే ఉలిక్కిపడ్డట్టు ముక్కు పైకెత్తింది. ఇక దిగదు. రన్‌వే మీద తేలుతూ తేలుతూ పోయి, ఎక్కడో దూరాన చక్రాలు ఆనించింది. పైలట్ బ్రేకులు గట్టిగా తొక్కాల్సి వచ్చింది. మళ్ళీ వెళ్ళినా అదే. ఇంకోసారీ అదే.

తిరిగొచ్చాక మీటింగ్ పెట్టారు. పైలట్ టెక్సస్ మనిషి, పొడుగ్గా ఉండేవాడు, తక్కువ మాట్లాడేవాడు.

"నా సలహా తేలిక," అన్నాడు. "విమానం తనంతట తాను దిగే రన్‌వేల లిస్టులోంచి దీన్ని తీసేయండి. ఇక్కడ మేం చేత్తో దింపుకుంటాం. మంచుంటే ఇంకో ఊరికి పోతాం."

చాలామంది తలలూపారు. బాస్ మాత్రం, "పరికరాల్లో ఒకటి చెడిపోయి ఉండాలి. ఏది తేడాగా చెప్పిందో చూశారా?" అన్నారు.

రికార్డింగులు నేను చూసి ఉన్నాను. "ఏదీ చెడిపోలేదండీ," అన్నాను. "మూడూ ఒకే మాట చెప్పాయి."

"మూడూ ఒకటే చెప్తే అది నిజమన్నమాటే."

"నిజమే. లోయ మీద ఉన్నప్పుడు నేల చాలా కిందుందని చెప్పాయి. అంచు దాటగానే నేల దగ్గరికొచ్చేసిందని చెప్పాయి. విమానం రాయిలా పడిపోతోందనుకుని కంప్యూటర్ ముక్కెత్తింది. విమానం పడలేదు. నేలే పైకి లేచింది. నేల మోసం చేస్తే మూడింటినీ కలిపే మోసం చేస్తుంది. ఇక్కడ ఓట్లు పనికిరావు."

ఆయన ముఖం ఎర్రబడింది. ఆయన దగ్గరే పని నేర్చుకున్న అమ్మాయి, అందరి ముందూ, ఆయన జీవితమంతా నమ్మినదాన్ని పట్టుకుని పనికిరాదంది. నాకు మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"మరి ఏం చెయ్యాలంటావ్?" అన్నారు చివరికి, కప్పు సాసర్‌లో పెట్టి.

"విమానంలో కుదుపు తెలిసే పరికరం ఎలాగూ ఉంది. విమానం నిజంగా అంత వేగంగా పడితే దానికి తెలియాలి. దానికి తెలియలేదంటే మారింది నేలే. రెండింటి మాటా కలిపి వినాలి. నేల ఒక్కసారిగా మారితే కాసేపు కుదుపు పరికరాన్నే నమ్మాలి."

"కాసేపంటే ఎంతసేపు?"

అక్కడే దొరికిపోయాను. అది తెలియాలంటే ఆ రన్‌వే ముందు నేల సరిగ్గా ఎలా ఉందో తెలియాలి. మ్యాప్ ప్రకారం లెక్క కట్టి చూస్తే విమానం చేసినదానికి సరిపోవడం లేదు. మ్యాప్‌లో ఒక గీతకీ ఇంకో గీతకీ మధ్య ఏముందో ఎవరికీ తెలీదు. సర్వే చేయించమని అడిగితే, తీసేయబోయే రన్‌వేకి సర్వే ఎందుకన్నారు పైవాళ్ళు.

"నేనే వెళ్ళి కొలుచుకొస్తాను," అన్నాను బాస్‌తో.

"కంపెనీ పంపదు."

"కంపెనీ పంపక్కర్లేదు. వీకెండ్‌లో నా కార్‌లో వెళ్తాను. ఎయిర్‌పోర్ట్ మేనేజర్‌కి మీరు ఒక్క ఫోన్ చేస్తే చాలు."

ఆయన ఫోన్ అందుకున్నారు.

ఆ రోజుల్లో మా అత్తగారు రాజమండ్రి నుంచి వచ్చి మా దగ్గరున్నారు. మేమిద్దరం పొద్దున్నే ఆఫీసులకి పోతే ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు మీద పోయే కార్లు చూసేవారు. పలకరించే మనిషి లేక ఆవిడకి నోరు ఎండిపోయినట్టుండేది. శనివారం మా ఆయనా నేనూ కొండల్లోకి వెళ్తున్నామని తెలిసి, ఎందుకని కూడా అడక్కుండా పులిహోర కలపడం మొదలుపెట్టారు.

"అమ్మా, ఇది పిక్నిక్ కాదు. ఇది తన ఆఫీసు పని. అక్కడ చలి," అన్నారు మా ఆయన.

"చలైతే కోటు వేసుకుంటాను. నాలుగ్గోడల మధ్య కూర్చోలేకపోతున్నాన్రా. నన్ను వదిలి వెళ్ళకండి."

పొద్దున్నే బయల్దేరి పగలంతా డ్రైవ్ చేసి, ఆ ఊళ్ళో మోటెల్‌లో పడుకుని, ఆదివారం ఉదయం ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళాం. ఆకులు రాలిపోయిన రోజులు. మేనేజర్ మంచివాడు. మా ముగ్గుర్నీ ఎగాదిగా చూసి, నారింజ రంగు చొక్కాలు మూడు తెచ్చిచ్చాడు. రన్‌వే చుట్టూ ఉన్న కంచె దాటి లోపలికి రావద్దనీ, విమానం శబ్దం వినపడితే కూర్చోమనీ చెప్పాడు. మా అత్తగారు చీర మీద కోటు, కోటు మీద నారింజ చొక్కా, కాళ్ళకి మా ఆయన ఉన్ని మేజోళ్ళూ బూట్లూ వేసుకుని తయారయ్యారు.

మూడు కాళ్ళ స్టాండు మీద పెట్టే సర్వే దుర్భిణీ, అంకెలు వేసిన పొడుగు కర్రా అద్దెకి తెచ్చుకున్నాం. కర్ర పట్టుకుని ఒకరు ముందుకు నడవాలి. దుర్భిణీలోంచి నేను అంకె చూడాలి. ఆ చోటు అంతకుముందు చోటు కంటే ఎంత ఎత్తో పల్లమో తేలుతుంది. మా ఆయన టేపు పట్టి దూరం కొలుస్తున్నారు. కర్ర మా అత్తగారి చేతికొచ్చింది.

"అత్తయ్యా, కర్ర నిటారుగా పట్టుకోండి. వాలిపోతోంది."

"నేను నిటారుగానే పట్టుకున్నానమ్మాయ్. గాలి పట్టుకోనివ్వడం లేదు."

"కాస్త ఓపిక పట్టండి."

"ఓపిక సంగతి నాకు చెప్తున్నావా? నువ్వు చూసుకో నీ అంకెలు."

లోయ అంచు దగ్గర్నుంచి రన్‌వే వైపు కొలుచుకుంటూ వచ్చాం. గడ్డి మోకాళ్ళ దాకా ఉంది. ముళ్ళు. మధ్యలో చిన్న విమానాలు దిగుతుంటే కూర్చోవడం, లేవడం. మధ్యాహ్నానికి సన్నటి వాన మొదలైంది. దుర్భిణీ అద్దం తుడుస్తూ తుడుస్తూ చూడాల్సి వచ్చింది. మా ఆయన నా దగ్గరికొచ్చి మెల్లగా, "అమ్మ తడిసిపోతోంది. ఇంతవరకూ కొలిచింది చాలదా? మిగతాది అంచనా వేసుకో," అన్నారు.

అంచనా వేసుకోడానికైతే మిషిగన్‌లోనే కూర్చోవచ్చు. కానీ పెద్దావిడ వానలో నిలబడి ఉంటే నాకూ మనసొప్పలేదు. "అత్తయ్యా, ఇక చాలు, కార్‌లో కూర్చోండి," అని అరిచాను.

ఆవిడ కదల్లేదు. "అక్కడ కనపడే కంచె దాకా కొలవాలన్నావుగా?"

"అవును, కానీ..."

"మరి ఇంత దూరం వచ్చి సగం కొలుచుకుపోతామా? నాకేం కాదు. నువ్వు కానియ్."

ఆ పెద్దావిడ అలా నిలబడితే మాకింక అలసట గుర్తు రాలేదు. కంచె దాకా కొలిచాం. అంచుకీ రన్‌వేకీ మధ్య వచ్చేసరికి అంకెలు వింతగా మారాయి. నేల పైకి లేచి, మళ్ళీ దిగింది. నమ్మకం కుదరక మళ్ళీ చూశాను. మళ్ళీ అదే. ముందు నుంచి చూస్తే గడ్డిలో ఏమీ తెలియడం లేదు. దగ్గరికెళ్ళి నిలబడితే తెలిసింది. అదొక మట్టి దిబ్బ. వెడల్పుగా, మెత్తగా, గడ్డి కప్పేసి ఉంది. మేనేజర్‌ని అడిగితే, కొండ తల నరికినప్పుడు మిగిలిన మట్టి అక్కడే పోసి వదిలేశారన్నాడు. మ్యాప్ వేసినవాళ్ళు అంత చిన్నదాన్ని పట్టించుకోలేదు.

కార్‌లో హీటర్ పెట్టుకుని, తడి బట్టలతో పులిహోర తిన్నాం. మా అత్తగారి చేతులు చలికి కొంకర్లు పోతే నా చేతుల్లోకి తీసుకుని రుద్దాను. అంతకుముందు మేమిద్దరం అంత దగ్గరగా ఎప్పుడూ కూర్చోలేదు.

"ఇంతకీ ఆ దిబ్బతో ఏమిటమ్మాయ్ ఇబ్బంది?" అని అడిగారు.

చెప్పాను. విమానానికి కళ్ళు కనపడవనీ, కాళ్ళ కింద నేల ఎంత దూరమో మాత్రమే తెలుస్తుందనీ, మొదట గొయ్యి, తర్వాత గట్టు, తర్వాత దిబ్బ, మళ్ళీ పల్లం వస్తే దానికి అడుగు ఎక్కడ వెయ్యాలో తెలీడం లేదనీ.

"కళ్ళు కనపడనివాళ్ళని చెయ్యి పట్టుకుని నడిపించినట్టు నడిపించాలన్నమాట," అన్నారు ఆవిడ. "ఆ పనికేనా రోజూ అంత దూరం పోతున్నావ్? అయితే మంచి పనే."

ఆవిడ నా ఉద్యోగం గురించి అడగడం అదే మొదటిసారి.

కొలిచిన నేలని కంప్యూటర్‌కి ఇచ్చి చూస్తే, ఈసారి లెక్కలోని విమానం అసలు విమానంలాగే ఉలిక్కిపడింది, అదే చోట ముక్కెత్తింది, అంతే దూరం తేలింది. ఆ గ్రాఫు గీతలు తీసుకెళ్ళి బాస్ బల్ల మీద పరిచాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"మూడూ ఒకటే చెప్పాయి," అన్నారు నెమ్మదిగా. అది నాతో అన్నమాటలా లేదు. తర్వాత తలెత్తి, "మేం లండన్‌లో ఉన్నప్పుడు నేల చదునుగా ఉండేది. మాకు ఈ బాధ రాలేదు. లండన్ అదృష్టాన్ని మా తెలివి అనుకున్నాం," అన్నారు.

ఆయన కుర్చీ నా వైపు జరిపారు. "సరే. ఇప్పుడు నీ ఉపాయాన్ని ఎలా పడగొట్టాలో చూస్తాను. పడగొట్టలేకపోతే అప్పుడు నమ్ముతాను."

నిజంగానే పడగొట్టడానికి కూర్చున్నారు. రోజూ పొద్దున్న ఒక కొత్త నేల గీసి తెచ్చేవారు. మెల్లగా పైకి లేచే వాలు. దాని మీద నా లెక్క కుదుపు పరికరాన్ని ఎక్కువసేపు నమ్మి, నేల నిజంగా దగ్గరికొస్తుంటే గమనించక, విమానాన్ని గట్టిగా నేలకి కొట్టేసింది. మార్చాను. మర్నాడు ఎదురుగాలి ఒక్కసారిగా తగ్గిపోయే లెక్క తెచ్చారు. మళ్ళీ ఓడిపోయాను. మళ్ళీ మార్చాను. ఇంటికొచ్చి వంట చేస్తున్నా అదే ధ్యాస. మంచులో కారు జారి పక్కన ఆగిపోతే, టో ట్రక్కు వచ్చేదాకా స్టీరింగ్ మీద కాగితం పెట్టుకుని లెక్కలు వేసుకున్న రోజుంది. ఒక్కోసారి ఏడుపొచ్చేది. అయినా ఆయన మీద కోపం రాలేదు. నా లెక్కని అంత శ్రద్ధగా తప్పుపట్టిన మనిషి అంతకుముందు లేరు. అంతకంటే మర్యాద ఏముంటుంది?

చలికాలం పోయేసరికి ఆయన తెచ్చే నేలలన్నిటి మీదా విమానం కుదురుగా దిగడం మొదలుపెట్టింది. ఒకరోజు ఉత్త చేతులతో వచ్చారు.

"నా దగ్గర ఇంకేం లేవు," అన్నారు. "పద, పైలట్‌ని ఒప్పిద్దాం."

పైలట్ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఎండలో పరీక్షిస్తానన్నాడు. పరీక్షించాడు. ఒకసారి కాదు, గాలి మారిన ప్రతిసారీ. బాగానే దిగింది. ఇక మిగిలింది నిజమైన పొగమంచులో దిగడం. ఆ ఫ్లైట్‌లో నేనూ ఉంటానన్నాను.

"ఎందుకు?" అన్నాడు పైలట్. "చూడాల్సిందంతా రికార్డవుతుంది. ఇది సరదా ప్రయాణం కాదు."

"సరదా కాదని తెలుసు. మిమ్మల్ని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోమంటున్నది నేను. నేను నేల మీద కూర్చుని ఆ మాట చెప్పలేను."

అతను బాస్ వైపు చూశాడు. "ఆమె రాకపోతే ఈ ఫ్లైట్‌కి నేనూ సంతకం పెట్టను," అన్నారు బాస్ టీ తాగుతూ.

ఇంట్లో చెప్పినప్పుడు మా ఆయన ముఖం పాలిపోయింది. తర్వాత, "నీకు నమ్మకం ఉందా?" అని ఒక్కటే అడిగారు.

"ఉంది. లేకపోతే వాళ్ళని ఎక్కనిస్తానా?"

"అయితే వెళ్ళు."

మంచు కోసం ఆ కొండ ఊళ్ళో ఎదురుచూశాం. అందరూ ఎండ కోసం చూస్తే మేం మంచు కోసం చూశాం. పొద్దున్నే లేచి మోటెల్ కిటికీ తెర తీస్తే ఆకాశం నీలంగా నవ్వుతూ ఉండేది. అలా విసిగించి విసిగించి, ఒక ఉదయం తెర తీస్తే ఎదురుగా కార్లు లేవు. పార్కింగ్ లాట్ మొత్తం తెల్లగా మాయమైపోయింది. మంచు లేని దగ్గరి ఊళ్ళో ఉంచిన మా విమానం దగ్గరికి వ్యాన్‌లో వెళ్ళి, అక్కణ్ణుంచి గాల్లోకి లేచాం.

పైలట్ల వెనక సీట్లో నన్ను బెల్టులతో కట్టేశారు. పైన ఎండ, కింద పాలు పొంగినట్టు మంచు. విమానం ఆ తెలుపులోకి దిగింది. అద్దాల ముందు ఏమీ లేదు. పైలట్ చేతులు కంట్రోల్స్‌కి ఆనీ ఆనకుండా పెట్టాడు. రెండో పైలట్ ఎత్తు అడుగుల్లో చదువుతున్నాడు. నా చూపంతా ఎత్తు చూపించే ముల్లు మీదే. లోయ వచ్చింది. ముల్లు పైకి పోయింది. నాకు తెలుసు, ఇప్పుడు అంచు వస్తుంది. వచ్చింది. ముల్లు ఒక్క ఉదుటున కిందికి పడింది. ముక్కు లేవలేదు. దిబ్బ వచ్చింది. మా అత్తగారు వానలో నిలబడింది సరిగ్గా ఈ నేల మీదే. విమానం కదలకుండా, తన జారుడు తాను జారుతూ పోయింది.

"ముప్ఫై," అన్నాడు రెండో పైలట్. ముక్కు మెల్లగా, నిద్రలో ఒత్తిగిలినంత మెల్లగా లేచింది. వెనక చక్రాలు తాకాయి. అప్పుడు కనిపించాయి, మా ముక్కు కిందుగా ఒకదాని తర్వాత ఒకటి వెళ్ళిపోతున్న రన్‌వే మధ్య దీపాలు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. విమానం ఆగాక పైలట్ వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

"బాగున్నావా?"

"బాగున్నాను."

"మంచు ఇంకా ఉంది. మళ్ళీ వెళ్దామా?"

"వెళ్దాం."

ఎండ వచ్చి మంచు కరిగేదాకా లేస్తూ దిగుతూనే ఉన్నాం. ఒక్కసారి మాత్రం గాలి తోసి కాస్త గట్టిగా తాకింది. మిగతావన్నీ మెత్తగానే. దిగి వచ్చేసరికి బాస్ మోటెల్ పక్కనున్న హోటల్లో కూర్చుని ఉన్నారు. ఆయన ముందు టీ చల్లారిపోయి ఉంది. ఒక్క గుక్క కూడా తాగినట్టు లేదు. పైలట్ వెళ్ళి ఆయన పక్కన కూర్చుని, "లిస్టులో ఉంచండి," అన్నాడు. అంతే. తర్వాత గుడ్లూ మాంసం తెప్పించుకుని తినడం మొదలెట్టాడు. నేను రొట్టే బంగాళాదుంపలూ తిన్నాను. ఆకలి అంత గట్టిగా ఎప్పుడూ వెయ్యలేదు.

అనుమతి రావడానికి ఇంకా చాలా సమయం పట్టింది. ప్రభుత్వం తరఫున వచ్చినవాళ్ళు బాస్ కంటే ఎక్కువ ప్రశ్నలు వేశారు. అన్నిటికీ జవాబులు చెప్పాను. మళ్ళీ పరీక్షలు చెయ్యమంటే మళ్ళీ చేశాం. చివరికి ఒప్పుకున్నారు. ఆ ఊరికి పొద్దుటి విమానం మంచులో కూడా దిగడం మొదలైంది.

ఎనభైల మధ్యలో ఒక రోజు బాస్ నన్ను పిలిచి కూర్చోమన్నారు. ఇంగ్లండ్‌లో ట్రైడెంట్‌లని పనిలోంచి తీసేశారని పాత స్నేహితుడు ఫోన్ చేసి చెప్పాడట. ఇంజన్ల చప్పుడు ఎక్కువనీ, ఇంధనం ఎక్కువ తాగుతాయనీ. విమానాలు పాతబడతాయి. అది ఆయనకీ తెలుసు.

"అది దిగడం నేర్చుకున్నప్పుడు మేమంతా పిల్లలం," అన్నారు. "ఎవరూ చెయ్యని పని. చెయ్యలేరని అందరూ అన్నారు. చేశాం." కళ్ళు తుడుచుకుని, "మీటింగ్ ఎప్పుడు?" అన్నారు.

ఆయన ఇంకొన్నాళ్ళు పనిచేసి, రిటైరై ఫ్లోరిడా వెళ్ళిపోయారు. మా అత్తగారు మధ్యలో రాజమండ్రి వెళ్ళి, మళ్ళీ వచ్చారు, మళ్ళీ వెళ్ళారు. ఇక్కడున్నప్పుడు ఇంటికొచ్చిన తెలుగువాళ్ళందరికీ, మా కోడలు కళ్ళు కనపడని విమానాలకి దారి చూపిస్తుందని చెప్పేవారు. విన్నవాళ్ళు ఎయిర్‌పోర్ట్ టవర్‌లో కూర్చుని మైకులో మాట్లాడే ఉద్యోగం అనుకునేవారు. నేను సరిదిద్దబోతే, "నువ్వూరుకో, నేను చెప్తాగా," అనేవారు ఆవిడ.

తర్వాత సిటిజన్‌షిప్ వచ్చింది. అంతకుముందు నన్ను వద్దన్న కంపెనీల్లో ఒకటి, ఎక్కువ జీతం ఇస్తాం రమ్మని పిలిచింది. వెళ్ళలేదు. అప్పటికి నా బల్ల మీద ఇంకో రన్‌వే ఉంది. సముద్రం ఒడ్డున, ఆటుపోట్ల వల్ల దాని ముందరి నేల రోజూ మారిపోయే రన్‌వే. అక్కడ విమానాన్ని ఎలా దింపాలో ఇంకా తెలీదు. వాళ్ళకి రానని చెప్పాక వచ్చిన సోమవారం పొద్దున్న మంచు తవ్వి కారు బయటికి తీసి, ఆ పనికే వెళ్ళాను.